కళ్ళ పరీక్షలో దొరికిపోయినవాడు

నా కొంప ముంచినవాడు సూట్‌కేస్. పదిహేడేళ్ళుగా అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ ఇదే చెబుతున్నాను. వాడు నా మేనేజరు. ఎప్పుడు చూసినా చేతిలో తోలు సూట్‌కేసు, అందులో కాంట్రాక్టు కాగితాలూ ఒక సెంటు సీసా. కేజ్‌లోకి, అదే ఆ ఇనప వల బోనులోకి, దిగి తన్నులు తినేది నేను, సెంటు కొట్టుకుని ఫొటోలో నిలబడేది వాడు.

పదకొండు ఫైట్లు చేశాను. ఎనిమిది గెలిచాను. గుద్దు, మోకాలు, మోచెయ్యి, మెడపట్టు, అన్నీ చెల్లే ఆట అది. తొమ్మిదో ఫైట్‌లో ఒకడి మోచెయ్యి నా ఎడమ కంటి మీద దిగింది. గెలిచింది నేనే. కానీ అప్పట్నుంచీ ఆ కంట్లో ఒక మూల నల్లటి తెర వేలాడుతూ ఉండేది.

లైసెన్సు రెన్యువల్‌కి కళ్ళ పరీక్ష తప్పదు. సూట్‌కేస్ ఒక ఫొటో తెచ్చి నా చేతిలో పెట్టాడు. కళ్ళాసుపత్రి గోడకుండే అక్షరాల బోర్డు.

"బట్టీ కొట్టెయ్. అన్ని ఆసుపత్రుల్లోనూ ఇదే ఉంటుంది."

ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. జీవితంలో తప్పు పోకుండా అప్పజెప్పిన పాఠం ఇదొక్కటే.

పరీక్ష గదిలో ఆమె ఉంది, కళ్ళ డాక్టరు. తెల్ల కోటు, జేబులో మూడు పెన్నులు, ముక్కు మీదికి జారిపోయే కళ్ళజోడు. నా కుడి కన్ను మూయించింది.

"కింద వరస చెప్పండి."

బోర్డు వైపు సరిగ్గా చూడకుండానే గడగడా చెప్పేశాను. ఊపు మీదుండి, అడక్కుండానే పై వరస కూడా అప్పజెప్పాను.

ఆమె జారిన కళ్ళజోడు పైకి తోసుకుంది.

"ఎంత బాగా చదివారండీ," అంది. "ఇప్పుడు చెయ్యి తీసి, రెండు కళ్ళతో చూడండి."

చూశాను. బోర్డు మీద ఒక్క అక్షరం లేదు. అన్నీ మూడు పళ్ళ దువ్వెన బొమ్మలు. ఒకటి కుడికి తిరిగింది, ఒకటి పైకి, ఒకటి కిందికి.

"ఫారంలో ఏడో తరగతి అని రాశారు కదా. అక్షరాలతో ఇబ్బంది పెట్టడమెందుకని ఈ బోర్డు పెట్టాను. పళ్ళు ఎటుంటే అటు చెయ్యి చూపిస్తే సరిపోయేది. మీరేమో ఏకంగా ఇంగ్లీషు మాట్లాడేశారు."

"అంటే మేడమ్..."

"ఎవరండీ ట్యూషన్ మాస్టారు?"

నేను నేల చూపులు చూశాను. ఆమె లైటు పెట్టి కంటి లోపల వెతికింది. వెతికేకొద్దీ మొహంలో నవ్వు పోయింది.

"రెటీనా చిరిగింది. రేపే లేజర్ చేయించుకోవాలి. ఇక ఫైట్లు మానెయ్యండి."

"నా నోటికాడ కూడు లాగేస్తున్నారు మేడమ్."

"కూడు ఇంకో చోట దొరుకుతుంది. కన్ను దొరకదు."

ఆ రోజు ఆమెని తిట్టుకుంటూ మెట్లు దిగాను. లేజర్ అయ్యాక నెలకోసారి రమ్మంది. నేను వారానికోసారి వెళ్ళడం మొదలుపెట్టాను.

"మళ్ళీ ఏమైంది?"

"దురదగా ఉంది మేడమ్."

"ఏ కన్ను?"

కాస్త ఆలోచించాను. "రెండూ."

"పోయిన వారం కుడిది. అంతకు ముందు వారం ఎడమది. వచ్చే వారం మూడో కన్ను తెరుస్తారా ఏంటి?"

ఒక సాయంత్రం ఆసుపత్రి వరండాలో వాన మమ్మల్నిద్దర్నీ ఆపేసింది. ఆమె నా చెవి వైపు అదేపనిగా చూస్తోంది.

"ఏంటండీ ఆ చెవి? నలిపి పారేసిన కాగితంలా ఉంది."

"కింద పడేసి గట్టిగా పట్టుకుంటారు. రుద్దుకుని, రుద్దుకుని అలా అయిపోతుంది."

"ఎవరు పట్టుకుంటారు?"

"ఎదుటివాడు. శత్రువు."

"అంతసేపు కౌగిలించుకునేవాణ్ణి శత్రువంటారేంటి, పాపం!"

పదకొండు ఫైట్లలో ఎవడూ నన్ను అంత తేలిగ్గా పడగొట్టలేదు.

కొన్నాళ్ళకి ఆమె నన్ను వాళ్ళ నాన్న షాపుకి తీసుకెళ్ళింది. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. నన్ను చూడగానే కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే కింది నుంచి పైదాకా కొలిచాడు.

"కొట్టుకోవడమే పనా బాబూ?"

"మానేశాను సార్."

"మరి ఏం చేస్తావ్?"

"పిల్లలకి నేర్పిద్దామనుకుంటున్నాను సార్. చోటు దొరకాలి."

ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె గోడ గడియారాల వైపు చూసింది. అవన్నీ తలో టైమూ చూపిస్తున్నాయి.

"షాపు వెనక రేకుల షెడ్డుంది," అన్నాడు. "చెత్త తప్ప ఏం లేదు. నీ పేరున రాసిస్తాను. ఒకటే మాట. నువ్వు మళ్ళీ ఆ బోనులోకి దిగకూడదు."

"దిగను సార్."

"సార్ ఏంటి? మావయ్యా అను."

తాళం చెవి నా అరచేతిలో పెట్టాడు.

మర్నాడు ఇద్దరం షెడ్డు కొలిచాం. టేపు ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస ఆమె. కొలతలు అరచేతి మీద రాసుకుంది. వెలుతురు చాలదని గోడ మీద సుద్దముక్కతో కిటికీ గీసింది. ఇంతలో వాన. రేకుల మీద ఆ హోరుకి మాట వినబడదు. అదే అదను అనుకుని, గుండెలో మాట అనేశాను.

"ఏంటీ?" అని అరిచింది.

మళ్ళీ అన్నాను.

"వినబడట్లా! గట్టిగా!"

గొంతు చించుకుని చెప్పాను. సరిగ్గా అప్పుడే వాన ఆగి చచ్చింది. షాపులోంచి మావయ్య దగ్గు వినబడింది. ఆమె పొట్ట పట్టుకుని నవ్వుతూ, "మొదటిసారే వినబడిందిలే," అంది.

అక్కడితో ఆపేస్తే ఇది మంచి కథ.

వారం తిరక్కుండా సూట్‌కేస్ వచ్చాడు. పెద్ద షోలో ఆఖరి ఫైట్‌కి దిగాల్సినవాడి చెయ్యి విరిగింది. పది రోజులే టైముంది. వాడి బదులు నేను దిగితే ఎనిమిది లక్షలు.

"నాకు ఫిట్‌నెస్ కాగితం ఎవరిస్తారు?" అన్నాను.

"ఆ పిల్ల సంతకమున్న రిపోర్టు నీ దగ్గరుందిగా. అదిలా ఇవ్వు. చూసి గీసేవాళ్ళు నాకున్నారు."

సూట్‌కేస్ నా గదిలో దొంగతనం చెయ్యలేదు. ఫైలు నేనే తీశాను. నేనే ఇచ్చాను. ఉత్తచేతులతో ఆ షెడ్డులోకి వెళ్ళడానికి నామోషీగా ఉందని, మ్యాట్లూ బ్యాగులూ నా డబ్బుతో కొంటానని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఆమెకి మాత్రం మ్యాట్ల కోసం వేరే ఊరు వెళుతున్నానని చెప్పాను.

"తొందరగా వచ్చెయ్. కిటికీకి మేస్త్రిని పిలుస్తాను," అంది.

రెండో రౌండులో ఎడమ వైపు నుంచి ఒక గుద్దు వచ్చింది. రావడం నాకు కనబడలేదు. తర్వాత ఆ తెర మొత్తంగా దిగిపోయింది. డాక్టరు ఫైట్ ఆపేశాడు. ఈ కంటితో వీణ్ణి ఎవరు దింపారని షో వాళ్ళు ఆమె ఆసుపత్రికి ఫోన్ చేశారు.

మూడో రోజు ఆమె వార్డుకొచ్చింది. చేతిలో ఆ కాగితం.

"ఈ సంతకం నాది కాదు."

"సూట్‌కేస్ గాడు..."

"వాడి సంగతి అడగలేదు. నీకు తెలుసా?"

"తెలీదు," అన్నాను, కిటికీ వైపు తిరిగి.

ఆమె కుర్చీ నా పక్కకి జరుపుకుంది. చాలాసేపు అక్కడే కూర్చుంది.

"కుడి కన్ను బాగానే ఉందిగా," అంది చివరికి. "దాంతోనన్నా నన్ను చూసి చెప్పు."

నేను తిరగలేదు. ఆ ఒక్క అడుగు దూరం మెడ తిప్పలేకపోయాను. తెలుసు అని ఒక్క మాట అనుంటే ఏడ్చేది, కొట్టేది, ఏదో ఒకటి జరిగి ఒడ్డున పడేవాళ్ళం. లేకపోతే అంతసేపు ఎందుకు కూర్చుంటుంది? నర్సు మందులిచ్చి వెళ్ళింది. తర్వాత కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

సంతకం తనది కాదని ఆమె రాసిచ్చింది. రాయకపోతే ఆమె ఉద్యోగం పోయేది. నా లైసెన్సు రద్దయింది. షో వాళ్ళు డబ్బు ఆపేశారు. సూట్‌కేస్ ఇంకో కుర్రాణ్ణి వెతుక్కున్నాడు.

డిశ్చార్జి రోజున మావయ్య వచ్చాడు. మంచం అంచున కూర్చున్నాడు.

"తాళం చెవి ఇస్తావా బాబూ?"

"మావయ్యా, ఒక్కసారి తనతో..."

"ఉద్యోగం మీదికొచ్చినందుకు ఏమీ అనట్లేదది. కన్ను పోగొట్టుకున్నందుకూ అనట్లేదు. 'అబద్ధమైనా నా మొహం చూసి చెప్పలేదు నాన్నా' అంటోంది. దానికి నేనేం చెప్పను?"

తలగడ కింద నుంచి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని, నా భుజం మీద చెయ్యి వేశాడు. "జాగ్రత్త," అని మాత్రం అన్నాడు. నేను "సరే సార్" అన్నాను. ఆయన సరిదిద్దలేదు.

ఎనిమిది లక్షలు పోయాయని జనం జాలిపడతారు. రాని డబ్బు పోయేదేముంది? నాకు పోయింది షాపు వెనక రేకుల షెడ్డు. ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై ఒక్క అడుగుల పొడవు. మొత్తం ఆరువందల ఇరవై చదరపు అడుగులు.