రెండో కూలర్

ఆ పొద్దు బాలలక్ష్మి వాకిట్లో సాన్పు చల్లి, ముగ్గు వేసి, చాయ్ గ్లాసు పట్టుకొని కూర్చున్నదో లేదో ఇంటి ముందు బండి ఆగింది. కరీంనగర్ దుకాణం నుంచి కూలర్ వచ్చింది. బండితో వచ్చిన ఇద్దరూ తొందరలో ఉన్నారు. రెండు పెద్ద అట్టపెట్టెలు అరుగు మీద దించి, కాగితం మీద ఆమె చేత సంతకం పెట్టించుకొని, నీళ్లన్నా తాగకుండా వెళ్లిపోయారు.

కోడలు జమున అప్పుడు ఇంట్లో లేదు. దారాలు, లైనింగు బట్ట కొనడానికి హుజూరాబాద్ బజారుకు పోయింది. కొడుకు లక్ష్మణ్ మస్కట్ పోయి మూడేళ్లయింది. అప్పటి నుంచి జమున ముందరి రేకుల గదిలో మిషన్ వేసుకొని జాకెట్లు కుడుతున్నది. మే నెలలో ఆ గదిలో కూర్చోవడమంటే పెనం మీద కూర్చున్నట్టే. పెళ్లిళ్ల సీజనులో కుట్టిన పైసలతో ఆమె తన కోసం కొనుక్కున్న మొదటి వస్తువు ఈ కూలర్.

కోడలు రెండు కొన్నదేమోనని బాలలక్ష్మి సంబరపడ్డది. ఒకటి మమతకేమో అనుకున్నది. బిడ్డ మమతారాణి జమ్మికుంట రోడ్డులో రేకుల ఇంట్లో కిరాయికి ఉంటుంది. ఆమె కొడుక్కి మూడో నెల. వాడి వీపు నిండా చెమటకాయలే.

బజారు నుంచి వచ్చిన జమున పెట్టెలు చూసి ఆగిపోయింది. "నేను చెప్పింది ఒక్కటే అత్తమ్మా. రెండోది పొరపాటున వచ్చింది. ఫోన్ చేస్త, వాళ్లే వచ్చి తీస్కపోతరు" అన్నది.

బాలలక్ష్మికి ఒళ్లు మండింది. మనం అడిగినమా, వాళ్ల గోడ దుంకి ఎత్తుకొచ్చినమా అని లేచింది. అంత పెద్ద దుకాణానికి ఇదో లెక్కా అన్నది. జమున తగ్గలేదు. ముందు చెబుదాం, తీసుకపొమ్మందాం, చెప్పినా వాళ్లు రాకపోతే అప్పుడు చూద్దాం, చెప్పకుండా వాడుకుంటే మాత్రం అది మనది కాదు అన్నది. ఫోన్ చేతిలోకి తీసుకున్నది కూడా.

"ఫోన్ చేసినవంటే ఈ ఇంట్ల బుక్కెడు బువ్వ ముట్ట" అన్నది బాలలక్ష్మి.

ఆమె అన్నంత పనీ చేసే మనిషని జమునకు తెలుసు. ఫోన్ పక్కన పెట్టింది. మర్నాడు జమున పెళ్లివారింటికి జాకెట్లు ఇచ్చి వచ్చేసరికి అరుగు మీద రెండో పెట్టె లేదు. బాలలక్ష్మి ఆటో మాట్లాడి దాన్ని మమత ఇంటికి పంపేసింది.

ఆనాటి నుంచి ఇద్దరి మధ్య మాట బందయింది. జమున వండి, కంచంలో పెట్టి, కంచాన్ని నేల మీద చప్పుడయ్యేట్టు జరిపేది. బాలలక్ష్మి గోడ అవతలి ఆమెతో మాట్లాడుతున్నట్టుగా, ఆడిబిడ్డ చల్లగుంటే ఓర్వని కోడళ్లు కూడా ఉంటరమ్మా అని గట్టిగా అనేది. లోపల మిషన్ ఇంకా వేగంగా తిరిగేది. లక్ష్మణ్ ఫోన్ చేస్తే ఇద్దరూ వేర్వేరుగా చాడీలు చెప్పుకున్నారు. అతను విసిగిపోయి, మీరూ మీరూ చూసుకోండని పెట్టేశాడు.

అయిదో రోజు నడిమి పగలు ఒక ముసలాయన చేతిలో కాగితంతో గేటు ముందు నిలబడ్డాడు. తలకు తువ్వాల, నోరంతా ఎండిపోయి ఉన్నది. పేరు కొమురెల్లి అని, దుకాణం గోదాములో సామాను ఎక్కించే పని తనదని చెప్పుకున్నాడు.

"ఆ దినం చీటీలు ఆరు, బండికెక్కినయి ఏడు అక్కా. చీటీ రెండుసార్లు అచ్చయిందో, నా కండ్లే మోసం చేసినయో తెల్వది. బండి తోలినోడు ఒక్కో ఇంట్ల ఒక్కోటే దించిన అంటుండు. మీకేమన్న రెండు వచ్చినయా?"

"ఒక్కటే వచ్చింది" అన్నది బాలలక్ష్మి. మాట తడబడలేదు. అది చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది.

లోపల మిషన్ ఆగిపోయింది. బాలలక్ష్మి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన చెంబు ఎత్తి గటగటా తాగాడు. ఇరవై ఎనిమిదేళ్ల నుంచి ఆ గోదాములోనే చేస్తున్నానని, ఇప్పుడు దుకాణం సేటు ఆ కూలర్‌ను నువ్వే అమ్ముకున్నవంటున్నాడని, సాయంత్రంలోగా దొరకకపోతే పని నుంచి తీసేసి పోలీసు స్టేషనుకు పంపుతానన్నాడని చెప్పాడు. ఏడుపు గొంతు కాదు, అలసిపోయిన గొంతు. కాగితం మీద ఆ ఇంటి చిరునామాను పెన్నుతో కొట్టేసి, సల్లగుండక్కా అని వెళ్లిపోయాడు.

ఆయన గేటు దాటగానే జమున గుమ్మంలోకి వచ్చింది. అయిదు రోజుల తర్వాత అత్త మొహం చూసి మాట్లాడింది.

"పెద్దమనిషి ముంగట నీ పరువు తియ్యొద్దని ఊకున్న. ఫోన్ చెయ్యకుండ నేను నోరు మూసుకున్నందుకే ఆయనకు గీ గతి పట్టింది, గా తప్పు నాది. ఇప్పుడు నువ్వు పోయి చెప్తవా, నన్ను పొమ్మంటవా?"

"నా బిడ్డంటే నీకు మొదట్నుంచి కండ్లల్ల నిప్పులే. ఆ పసిగుడ్డు ఎండకు మాడితె నీకు సల్లగుంటదా?"

"పసిగుడ్డును అడ్డం పెట్టుకోకు అత్తమ్మా. ఒక ముసలాయనను దొంగను చేసి నీకు గాలి పెట్టిన అని రేపు వానికి చెప్తవా?"

బాలలక్ష్మి చేతిలోని చెంబు విసిరికొట్టింది. అది వాకిట్లో దొర్లుకుంటూ పోయింది. "ఇది నా ఇల్లు. నా మాట నచ్చకుంటే మీ తల్లిగారింటికి నడువు" అన్నది.

జమున మొహం తెల్లబోయింది. "పోత. పోయేటప్పుడు ఆయనకు నిజం చెప్పే పోత" అని చెప్పుల కోసం వంగింది.

ఆమెను వీధిలోకి పోనివ్వకూడదని బాలలక్ష్మే ముందుగా బయటకు ఉరికింది. ఆయనను త్వరగా బస్సెక్కించి పంపెయ్యాలన్నదే ఆమె ఆలోచన. నాలుగిళ్ల అవతల కిరాణం ఓంప్రకాశ్ ఇంటి ముందు కొమురెల్లి నిలబడి ఉన్నాడు. ఆ ఇంటికీ అదే రోజు కూలర్ వచ్చింది. ఓంప్రకాశ్ మెట్ల మీద నిలబడి, నువ్వు అమ్ముకొని మా ఇండ్ల మీద పడ్డవా అని కేకలేస్తున్నాడు. కొమురెల్లి చెప్పులు గడప కింద విడిచి, కాలుతున్న సిమెంటు మీద ఒక కాలు ఎత్తి ఒక కాలు మోపుతూ చేతులు జోడించాడు.

"కోపం చెయ్యకు సేట్. అడుగుడు నా ధర్మం. గా ఇంట్ల అక్కను చూడు, మంచిగ చెప్పింది, నీళ్లిచ్చింది. మీరు కూడ జర చూసి చెప్తే పోత."

బాలలక్ష్మికి అడుగు ముందుకు పడలేదు. తన అబద్ధాన్ని మంచితనమని ఆయన పదిమందిలో చెప్పుకుంటున్నాడు. ఓంప్రకాశ్ ఆమె వైపు చూశాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్లూ చూశారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, మళ్లీ తీసేసింది.

"అన్నా, నీ కూలర్ నా బిడ్డ ఇంట్ల ఉన్నది. నేనే పంపిన. నీకు అబద్ధం చెప్పిన."

కొమురెల్లి చెప్పులు తొడుక్కున్నాడు. ఆమెను తిట్టలేదు. "నీళ్లిచ్చినప్పుడే చెప్తే అయిపోతుండె కదా అక్కా" అన్నాడంతే. ఆ మాటతో ఆమె తల నేలకు వాలింది.

బాలలక్ష్మి, కొమురెల్లి ట్రాలీ ఆటో మాట్లాడుకొని జమ్మికుంట రోడ్డుకు పోయారు. పిల్లవాడు కూలర్ గాలికి హాయిగా నిద్రపోతున్నాడు. సంగతి వినగానే మమత తల్లి మీద విరుచుకుపడ్డది. "ఇచ్చిన చేత్తోనే గుంజుకపోతవా అవ్వా? వదినె చెప్పి పంపిందా?"

"ఎవ్వలు పంపలే. నీకిచ్చింది నాది కాదు బిడ్డా."

కూలర్ ఆపగానే పిల్లవాడు లేచి గుక్కపట్టి ఏడ్చాడు. కొమురెల్లి ఆ ఏడుపు వినలేక తల తిప్పుకొని కూలర్‌ను ఆటోకు ఎక్కించాడు. మమత వాణ్ని భుజాన వేసుకొని, ఇగ నా ఇంటికి రాకు అని తలుపు వేసుకున్నది. మూసిన తలుపు ముందు బాలలక్ష్మి కొంతసేపు నిలబడి, వచ్చి ఆటో ఎక్కింది.

తిరిగి వస్తుంటే ఇంటి అరుగు మీద సామాను కనిపించింది. పక్కనే జమున నిలబడి ఉన్నది. కోడలు మూటాముల్లె సర్దుకున్నదనుకున్నది బాలలక్ష్మి. ఆపమని ఆటో అతని భుజం తట్టి, పూర్తిగా ఆగకముందే దిగింది. ఎట్లా బతిమాలాలో కూడా ఆమెకు తోచలేదు.

దగ్గరికి పోతే అది మూట కాదు. జమున తన కూలర్ నీళ్లు పారబోసి, తుడిచి, వైరు చుట్టి పెట్టింది. నాలుగిళ్ల అవతల అత్త ఒప్పుకున్న మాట, చెప్పులేసుకొని గేటు దాకా వచ్చిన జమునకు అప్పుడే వినబడ్డది.

"పెద్దయ్యా, ఇది మాదే. కాగితం ఉన్నది, చూసుకో" అని బిల్లు కొమురెల్లికి చూపించింది. ఆయనను, ఆయన కూలర్‌ను కరీంనగర్ రోడ్డు మీద బస్సెక్కించినంక దీన్ని మమత ఇంటికి చేర్చమని ఆటో అతనికి చెప్పింది.

"నీకు?" అన్నది బాలలక్ష్మి.

"నాకు చెమటకాయలు కొత్తగాదు. వాడు పసిపిల్లగాడు. పొరపాటున వచ్చింది ఇయ్యొద్దన్న గని, ఇయ్యనే వద్దనలే కదా అత్తమ్మా."

కొమురెల్లి బిల్లు మడిచి ఆమెకే ఇచ్చి, తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. ఆటో కదిలి పోయింది. బాలలక్ష్మి అరుగు మీదే కూలబడి ఏడ్చింది. తల్లిగారింటికి నడువు అన్న మాట గురించి ఏదో చెప్పబోయింది గాని, ఏడుపులో అది మాటగా బయటకు రాలేదు. జమున వాకిట్లో పడి ఉన్న చెంబు తీసి, కడిగి, నీళ్లు తెచ్చి ఆమె పక్కన పెట్టి మిషన్ దగ్గరికి పోయింది.

సాయంత్రమైనా మమత ఫోన్ చేయలేదు. కూలర్ చేరిందని ఆటో అతను మాత్రం చెప్పాడు.

రేకుల గదిలో జమున వీపు తడిసి ముద్దయింది. బాలలక్ష్మి ఎక్కడి నుంచో విసనకర్ర వెతికి తెచ్చి, కోడలి పక్కన కూర్చొని గట్టిగా విసరడం మొదలుపెట్టింది. మిషన్ మీది పట్టుగుడ్డ ఎగిరిపోయింది.

"బట్ట లేస్తదత్తమ్మా, కుట్టు వంకర పోతది. జర మెల్లగ" అన్నది జమున, తల ఎత్తకుండానే.

బాలలక్ష్మి కళ్లు తుడుచుకొని, కోడలి వెనక్కి జరిగి, వీపుకు మాత్రమే తగిలేట్టు మెల్లగా విసిరింది.