కత్తి ఆటలో మామగారి పేరు

ఆదివారం పొద్దున. కోడలు సైకల్ ఆవు పాలు పితికింది. పొయ్యిలో బొగ్గు వేసింది. రొట్టె తుంచి, మీగడ గిన్నె, ఆప్రికాట్ జామ్ బల్ల మీద పెట్టింది. అత్తగారి కప్పు ఖాళీ అయినప్పుడల్లా, ఇక్కడి మర్యాద ప్రకారం, సగం దాకా టీ పోసింది. ఇదంతా తెల్లారక ముందే మొదలైంది. తోక్మోక్ ఊళ్లో కోడళ్లందరూ చేసేదే కాబట్టి దీన్ని ఎవరూ పని అనరు. మొగుడు ఉర్మాత్ వ్యాను నడుపుతాడు, దాన్ని మాత్రం అందరూ పని అంటారు. అతను చీకట్లోనే రాజధాని బిష్కెక్ పోయే ప్యాసింజర్లని ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

కొడుకూ కోడలూ 'అపా', అంటే అమ్మ, అని పిలిచే అత్తగారు బురుల్ కొట్టంలో గడ్డి వేయడానికి వెళ్లింది. అక్కడికి వెళ్తే ఆవుతో ముచ్చట్లు పెట్టి చాలాసేపటికి గాని రాదు. ఆ కాస్త సమయమే సైకల్‌ది. వారం మొత్తంలో అదొక్కటే ఆమెది.

"బెగీమ్! రా తొందరగా, నాయనమ్మ బయటికెళ్లింది!"

తొమ్మిదేళ్ల కూతురు బెగీమ్ సాక్సులతో జారుకుంటూ వచ్చి టీవీ ముందు చతికిలబడింది. ఇద్దరి చేతుల్లో రెండు జాయ్‌స్టిక్‌లు.

సైకల్‌కి నలభై దగ్గర పడుతోంది. బళ్లో చేరిన ఏడాది నుంచి వీడియో గేములు ఆడుతూనే ఉంది. ఈ ఇంటికి పెళ్లికూతురుగా వచ్చినప్పుడు ఆమె పెట్టెలో బొంతల కింద ఒక పాత గేమ్ పెట్టె, గుడ్డసంచి నిండా క్యాసెట్లు ఉన్నాయి. పెట్టె తెరిచి చూసిన బంధువుల ఆడవాళ్లు ఏదో రేడియో అనుకున్నారు. తర్వాత బట్టలు కుట్టి కొత్త గేమ్ పెట్టె కొనుక్కుంది. పాతది పారేయలేదు.

ఆరోజు కత్తి ఆట ఆడుతున్నారు. కోటలో గది తర్వాత గది, ప్రతి గదిలో ఒక రాక్షసుడు. ఈ ఆటలో సైకల్‌కి ఒక కష్టముంది, బయటి దేశాల్లో ఈ ఆట ఆడే ఆడవాళ్లకి ఆ కష్టం ఉండదు. ఇక్కడ కోడలు మామగారి పేరు పలకకూడదు. అంతటితో ఆగినా బాగుండేది. ఆ పేరుకి అర్థముంటే ఆ మాట కూడా పలకకూడదు. మామగారి పేరు కిలిచ్. కిలిచ్ అంటే యుద్ధంలో వాడే పొడుగు కత్తి. వంటింటి చాకుకి వేరే మాట ఉంది కాబట్టి బతికిపోయింది. పెళ్లైన నాటి నుంచి సైకల్ నోట 'కిలిచ్' లేదు, 'పదునుది' అంటుంది. కూతురికి ఆట నేర్పినప్పుడు కూడా "పదునుది తియ్, పదునుది తిప్పు" అనే నేర్పింది. నోటికి తాళం వేసి దాన్ని మర్యాద అనడం ఎవరు మొదలుపెట్టారో గాని, వాళ్లెవరూ కోడళ్లు అయ్యుండరు.

ఆ మామగారు పోయిన చలికాలం చనిపోయాడు.

చివరి రాక్షసుడు వచ్చాడు. ఇన్ని వారాలుగా ఇక్కడే ఓడిపోతున్నారు. సైకల్ ఒళ్లు మరిచిపోయింది. బెగీమ్ ఆయుధం విరిగి కింద పడింది. పిల్ల దాన్ని ఏరుకోవడానికి వెనక్కి పరిగెత్తబోయింది.

సైకల్ అరిచింది. "కిలిచ్ పోయింది! పోనీ, వదిలేయ్! ఇంకోటి దొరుకుతుంది!"

ఇక్కడి భాషలో పోయాడన్నా పోయిందన్నా ఒకటే మాట. ఇంకొకడన్నా ఇంకొకటన్నా ఒకటే. కాబట్టి ఆ అరుపు బయటికి ఎలా వినబడిందో చెప్పనక్కర్లేదు.

తలుపు తెరుచుకుంది. బురుల్ నిలబడి ఉంది. శాలువా నిండా గడ్డి పరకలు, ఒక కాలికే జోడు, రొప్పుతోంది.

"ఎవరే పోయింది?"

సైకల్ చేతిలో జాయ్‌స్టిక్ జారిపోయింది. "అపా... ఆటలో... పదునుది విరిగింది. నోరు జారాను."

"ఎవర్ని వదిలేయాలి? ఇంకొకడు దొరుకుతాడా? ఏడాది తిరగలేదు. సమాధి మట్టి ఇంకా కుదురుకోలేదు. ఇంకొకడు దొరుకుతాడా?"

"ఆయన్ని కాదు అపా! దేవుడి మీద ఒట్టు!"

"దేవుణ్ణి కూడా దింపావా ఆటలోకి!"

బురుల్ ఒంటి జోడుతోనే నడిచి వచ్చి గోడలోంచి వైరు పీకేసింది. రాక్షసుడు మాయమయ్యాడు. బెగీమ్ ఏడుపు మొదలుపెట్టింది, తాత కోసం కాదు, రాక్షసుడు ఇంకొక్క దెబ్బకి చచ్చేవాడని.

"సంత సాయంత్రం దాకా ఉంటుంది. ఇదంతా మూటకట్టి అమ్మేసిరా. అమ్మలేకపోతే కాలవలో పడేసిరా. రాత్రికి ఈ ఇంట్లో ఇది ఉండకూడదు. ఎప్పుడో చెప్పాను, టీవీ పాడైపోతుందని. దీనివల్ల టీవీ గొట్టం కాలిపోతుంది."

"ఇది పలక టీవీ అపా. గొట్టమే లేదు."

"లేకపోతే? లేనిది కాలదా?"

సైకల్ మొగుడికి ఫోన్ చేసింది. అవతల వ్యాను తలుపులు దబదబమంటున్నాయి.

"అపా చెప్పినట్టు చేసెయ్. తర్వాత చూద్దాం" అన్నాడు ఉర్మాత్.

"ఏం చూస్తావ్ తర్వాత? కాలవలో వెతుకుతావా?"

"ప్యాసింజర్లు ఉన్నారే తల్లీ, అరవకు. ముందు ఆవిణ్ణి చల్లబడనీ."

ఫోన్ పెట్టేశాడు. తర్వాత చూద్దాం అన్న మొగాడు ఎప్పుడూ తర్వాత చూడడు.

సైకల్ పంచదార గోనెసంచి తెచ్చి నేల మీద కూర్చుంది. పుట్టింటి నుంచి తెచ్చిన బొంతలు బంధువులకి పోయాయి. పళ్లేలు ఆడపడుచుల ఇళ్లకి పోయాయి. ఆమెవి అంటూ మిగిలినవి ఈ పెట్టె, ఈ క్యాసెట్లు. ఇవి కూడా పోతే ఇక ఈ ఇంట్లో టీ పోసే చెయ్యి ఒకటి ఉంటుంది, అంతే. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. అందుకే ఒక్కో క్యాసెట్ సంచిలో వేయడానికి అంతసేపు పడుతోంది.

బురుల్ ఎదురుగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. కాని ఆ ముసలిదానికి ఒక జబ్బుంది. తెలియని వస్తువు కళ్లబడితే తెలుసుకోకుండా నిద్రపోదు. పక్కింటి గ్యాస్ మీటరు పని ఎలా చేస్తుందో ఆ ఇంటివాళ్లకంటే ముందు ఆమెకే తెలుసు. ముందు అటు తిరిగి కూర్చుంది. తర్వాత ఇటు తిరిగింది.

"అదేంటి?"

"టాంకుల ఆట."

"ఏం చేస్తారు?"

"మధ్యలో ఇటుక గోడల్లో ఒక పిట్ట ఉంటుంది. శత్రువుల టాంకులు వస్తాయి. పిట్టకి ఏమీ కాకుండా కాపలా కాయాలి."

"కాపలా కాస్తే?"

"ఇంకో పిట్ట ఇస్తారు. దానికీ కాపలా కాయాలి."

"కోడలి బతుకులా ఉంది" అంది బురుల్. సైకల్ తలెత్తి చూసింది. ముసలిది నవ్వలేదు. "అదేంటి, పసుపు రంగుది?"

"సిపాయిల ఆట. నాకు అన్నిటికంటే ఇష్టం."

"ఎందుకు?"

సైకల్ ఆ క్యాసెట్‌ని సంచిలో వేయకుండా ఒళ్లో పెట్టుకుంది. "ఇద్దరు ఆడాలి. ఒక్కొక్కరికి కొన్ని ప్రాణాలు ఉంటాయి. నావి అయిపోతే పక్కవాళ్ల దగ్గర్నుంచి ఒకటి తీసుకోవచ్చు. అడగక్కర్లేదు, మీట నొక్కితే చాలు. నేను మా నాన్నతో ఆడేదాన్ని. ఫ్యాక్టరీ మూసేశాక ఆయనకి పని లేదు, ఇంట్లో ఉండేవాడు. నావి ఎప్పుడూ ముందే అయిపోయేవి. ఆయనవి తీసేసుకునేదాన్ని. పెద్దయ్యాక అర్థమైంది, నేను తీసుకోవాలనే ఆయన తనవి జాగ్రత్తగా దాచేవాడని."

బురుల్ జోడు లేని కాలిని రెండో కాలి మీద వేసుకుంది.

"ఆ గుర్రం బొమ్మ ఉన్నది?"

"ఒకడు గుర్రమెక్కి తిరుగుతాడు. పెద్ద మైదానం. మనుషులే ఉండరు. కొండలంత జంతువుల్ని వెతుక్కుంటూ పోతాడు."

"గుర్రం మంచిదేనా?"

"నల్లది. మంచిది."

"ఏదీ, చూపించు."

"వైరు పీకేశారుగా."

"పీకిన చేత్తో పెడతాను, చచ్చిపోను" అంటూ బురుల్ వంగి వైరు గోడలో గుచ్చింది.

గుర్రం తెర మీద పరుగెత్తింది. బురుల్ కుర్చీ ముందుకి జరుపుకుంది. ఇంకా జరుపుకుంది. "జీను సరిగా కట్టలేదు వెధవ. ఇంతసేపు పరిగెత్తిస్తున్నాడు, దిగి నడవొచ్చుగా? నీళ్లు పెట్టడేం? ఎక్కడా నీళ్లు లేవా? ఇటు తిప్పు, ఆ వాగు దగ్గరికి తిప్పు. ఛ, వాడికి తల్లి లేదనుకుంటా, ఎవరూ నేర్పలేదు."

బెగీమ్ కళ్లు తుడుచుకుని నవ్వింది. సైకల్‌కి కూడా నవ్వొచ్చింది. నవ్వు వెనకే కోపం వచ్చింది. ఇంత ఆసక్తి ఉన్న మనిషి, ఇన్నాళ్లూ ఒక్కసారి పక్కన కూర్చుంటే ఏం పోయేది?

"అపా, ఒకటి అడుగుతాను. కొట్టినా సరే అడుగుతాను."

"అడుగు."

"నేను పెళ్లై వచ్చినప్పటి నుంచి ఒక మాట మింగుతున్నా. ఒక్కసారి జారింది. దానికి నా బతుకంతా గోనెసంచిలో వేయిస్తున్నారు. సరే, నేను కోడల్ని. మీరు? ఆయనతో అంత కాపురం చేశారు. ఒక్కసారైనా పేరు పెట్టి పిలిచారా?"

"పిలవలేదు. 'ఇదిగో' అనేదాన్ని. పిల్లలు పుట్టాక 'ఏమయ్యా పిల్లల తండ్రీ' అనేదాన్ని."

"ఇప్పుడు పిలిస్తే ఎవరేమంటారు? ఆయన లేడు. అడ్డుకునే అత్త లేదు. ఎందుకు పిలవరు?"

"నోరు రాదే" అంది బురుల్. గుర్రం వైపే చూస్తోంది. "అలవాటు లేని నోరు. రాత్రిళ్లు ప్రయత్నించాను. గొంతులోనే ఆగిపోతుంది."

 సైకల్ ఆట ఆపింది.

"నీ మీద కోపంతో పరిగెత్తుకొచ్చాననుకుంటున్నావా?" అంది బురుల్. "ముందు గేటు దగ్గరికి పోయాను. జోడు అక్కడే ఊడిపోయింది. ఆయన స్నేహితులు గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి కేకేసేవాళ్లు, గుర్తుందా? వాళ్లలో సగం మంది పోయారు, మిగిలినవాళ్లు ఇటు రావడం మానేశారు. నువ్వు అనవు. నేను అనను. నా కొడుకు 'నాన్న' అంటాడు. ఈ పిల్ల 'తాత' అంటుంది. సమాధి దగ్గర మౌల్వీ ఒకసారి అన్నాడు. ఆ తర్వాత ఈ ఇంట్లో ఆ పేరు వినబడలేదు. ఇవాళ కొట్టంలో ఉంటే వినబడింది. ఎవరో పిలుస్తున్నారనుకున్నా. ఆయన కోసం ఎవరో వచ్చారనుకున్నా. గేటు తీశాను. రోడ్డు ఖాళీగా ఉంది."

ఆమె ఏడవలేదు. శాలువా మీద గడ్డి పరకల్ని ఒక్కోటి తీసి ఒళ్లో పెట్టుకుంటోంది.

ఏడ్చింది సైకల్. తను ఇన్నాళ్లూ మింగిన మాట తనకే బరువు అనుకుంది. ఇద్దరు ఆడవాళ్లు ఒకే ఇంట్లో ఒకే పేరుని చెరో వైపు నుంచి గొంతులో నొక్కి పట్టుకుని కూర్చున్నారు. పెద్దమనిషికి గౌరవం అని చెప్పి, ఆయన్ని ఇంట్లోంచి పూర్తిగా తుడిచేశారు. ఇదేం గౌరవం? ఎవరికి పనికొచ్చింది? సైకల్ నేల మీదే మోకాళ్లతో జరిగి వెళ్లి అత్తగారి జోడు లేని పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది. అది మంచుగడ్డలా ఉంది.

"క్షమించండి అపా. నేను అరిచింది కత్తి గురించే."

"తెలుసే. నాకు చెవుడు లేదు. గేటు నుంచి తిరిగొచ్చేసరికే తెలిసిపోయింది. తెలిసిందనే అంత మంట పుట్టింది."

 తర్వాత బురుల్ కాలు వెనక్కి లాక్కుంది. "చాల్లే, చక్కిలిగింత పెడుతున్నావ్. ఆ కత్తి ఆట పెట్టు."

"వద్దులే అపా. గుర్రం ఆటే ఆడదాం."

"అదే పెట్టు. ఆ పదునుది, కోసేది, ఆ చెత్త మాటలన్నీ మానేయ్. కత్తిని కత్తి పేరుతోనే పిలు. అత్తని నేను చెప్తున్నా. ఈ ఇంట్లో ఇంకెవరి పర్మిషన్ కావాలి?"

"సంత?"

"సంత వచ్చే ఆదివారం కూడా ఉంటుంది" అంది బురుల్. ఆమె మొహం చూస్తే వచ్చే ఆదివారం కూడా మూట కదిలేలా లేదు.

సైకల్ గోనెసంచిలోంచి అన్నీ తీసి మళ్లీ అరలో పెట్టింది. ఆట పెట్టింది. కోట వచ్చింది, గదులు వచ్చాయి. బురుల్ కుర్చీని అటు తిప్పుకుని, టీవీకి వీపు పెట్టి, కప్పులో టీ పోసుకుంది. ఆమెకి తెర అక్కర్లేదు. వినడానికి కూర్చుంది.

సైకల్ నోరు తెరిచింది. రాలేదు. ఇన్నేళ్ల తాళం ఒక్క మాటతో ఊడదు. పొద్దున మరిచిపోతే వచ్చింది, ఇప్పుడు గుర్తుండి రావడం లేదు. బెగీమ్ అమ్మ వైపు చూసింది, నాయనమ్మ వీపు వైపు చూసింది. ఆ పిల్లకి ఇంకా ఎవరూ నోరు కట్టేయలేదు.

"అమ్మా, కిలిచ్ అక్కడుంది! తలుపు పక్కన!"

బురుల్ కప్పు గాల్లో ఆగింది. "ఎక్కడుందట?"

"ఇక్కడే ఉంది నాయనమ్మా! కిలిచ్ ఇక్కడే ఉంది!"

"మరి మీ అమ్మ మాట్లాడదేం? గట్టిగా అనమను. నాకు వినబడటం లేదు."

సైకల్ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "కిలిచ్!" అంది. గొంతు చీలింది. రెండోసారి బాగా వచ్చింది. మూడోసారి ఇంటి బయటికి వినబడింది.

సరిగ్గా అప్పుడే ఉర్మాత్ వ్యాను ఆపి గేటు దగ్గరికి వచ్చాడు. పెళ్లాం ఏడుస్తూ ఉంటుందని, తల్లి అరుస్తూ ఉంటుందని, ఏం చెప్పాలో దారంతా ఆలోచించుకుంటూ వచ్చాడు. బురదలో తల్లి జోడు ఒకటి పడి ఉంది, తీసి చేత్తో పట్టుకున్నాడు. లోపలి నుంచి ముగ్గురు ఆడవాళ్ల గొంతులు కలిసి తన తండ్రిని పేరు పెట్టి పిలుస్తున్నాయి. వాటిలో ఒకటి ముసలి గొంతు, తడబడుతున్న గొంతు, ఆ మాట ఇప్పుడే నేర్చుకుంటున్న గొంతు.

ఉర్మాత్ టోపీ తీశాడు. లోపలికి అడుగు వేయడానికి అతనికి కొంచెం సేపు పట్టింది.