అమ్మ కుట్టిన గర్భసంచి

మంగళవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, బాత్‌రూమ్ తలుపు వెనక గుడ్డలు నానబెట్టిన బకెట్లో రక్తం చూసింది కూతురు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. కూతురికి నెలసరి రావడానికి ఇంకా పది రోజులుంది. తల్లికి అరవై రెండేళ్లు.

తల్లి ముందుగదిలో మిషన్ మీద చొక్కాకు కాలరు అతుకుతోంది.

"అమ్మా, బకెట్లో ఏంటది?"

"గుడ్డలు. కనిపించడం లేదూ?"

"రక్తం ఎవరిది?"

మిషన్ ఆగలేదు. "ఇంట్లో ఉన్నది ఇద్దరం. నీది కాకపోతే నాదే. ఆ మాత్రం లెక్క రాదా టీచరమ్మా?"

"ఎన్నాళ్ల నుంచి?"

"పోయినేడు బడులు తెరిచినప్పటి నుంచి. అప్పుడు చుక్కా చుక్కా. ఈమధ్యే ఎక్కువ."

అంటే తొమ్మిది నెలలు.

ఆమె హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. స్త్రీ ప్రత్యుత్పత్తి వ్యవస్థ పాఠం రాగానే అంతకు ముందున్న టీచర్లు, ఇంట్లో చదువుకోండని పేజీ తిప్పేసేవారు. ఆమె తిప్పలేదు. పోయిన దసరాకు ముందు బొమ్మ గీసిచ్చి తల్లి చేత కుట్టించింది. ఎర్ర శాటిన్‌తో గుప్పెడంత సంచి, అటూ ఇటూ రెండు నాడాలు, వాటి చివర పెద్ద బొత్తాలు. సంచి లోపల గులాబీ లైనింగ్, టిచ్ బటన్లతో ఊడదీసి మళ్లీ పెట్టేలా. నెలనెలా పొర మందమవుతుందని, గర్భం నిలవకపోతే ఊడి రక్తంతో పోతుందని పిల్లలకు చూపించడానికి.

"ఒక్క మాట చెప్పుంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?" కూతురి గొంతు లేచింది. "ఊళ్లో పిల్లలందరికీ చెప్తానే, నా దగ్గరే దాస్తావా?"

అప్పుడు ఆగింది మిషన్.

"దాచానా? అడిగాను. బొమ్మ కుట్టి నీ చేతికిచ్చిన రోజే అడిగాను. వయసు మళ్లాక ఈ లైనింగ్ ఏమవుతుందే అన్నాను. నువ్వేమన్నావు?"

కూతురికి గుర్తొచ్చింది. చెప్పులు వేసుకుంటూ చెప్పిన మాట. పలచబడుతుంది, ఇక ఊడదు.

"ఊడితే? అని కూడా అడిగాను. ఊడదమ్మా, బస్సు పోతోంది అన్నావు. చదువుకున్నదానివి. మరి నాకు ఊడుతోందంటే, ఇంకా వయసు మళ్లలేదేమో అనుకున్నా."

"బొమ్మ గురించి అడుగుతున్నావనుకున్నానమ్మా."

"కుట్టిచ్చేసిన బొమ్మ గురించి నాకెందుకే?"

ఆ రోజు కూతురు బడికి వెళ్లలేదు, తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లింది. స్కానింగులో పొర మందం పద్దెనిమిది మిల్లీమీటర్లు వచ్చింది. ఆ వయసులో నాలుగైదు దాటకూడదని డాక్టరమ్మ చెప్పింది. ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆరో రోజున క్యాన్సరని తేలింది.

"నెలసరి ఆగిపోయాక ఒక్క చుక్క కనిపించినా వెంటనే రావాలి," అంది డాక్టరమ్మ. తల్లికి చెబుతూ కూతురి వైపు చూసింది.

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం అంగీకార పత్రం ఇచ్చారు. తల్లి కళ్లజోడు ఇంట్లో మరిచిపోయింది. కూతురు చదివింది.

"తీసేసేవి. గర్భసంచి."

"శాటిన్ సంచి. నువ్వు తొమ్మిది నెలలు అద్దె కట్టకుండా ఉన్న ఇల్లు. తర్వాత?"

"గర్భనాళాలు రెండు."

"నాడాలు."

"అండాశయాలు..." కూతురు కాగితం దించింది. "ఆ రోజు ఒక్క నిమిషం ఆగి ఉండాల్సిందమ్మా."

"బొత్తాలు. రెండూ తీసుకోమను, ఒక్కటి మిగిలి ఏం చేస్తుంది?" తల్లి సంతకం పెట్టి, కూతురి తల ఒళ్లోకి లాక్కుంది. "కాగితం పక్కన పెట్టి ఏడవ్వే. తడుస్తుంది."

మర్నాడు పన్నెండు నలభైకి ఆపరేషన్ ముగిసింది. నర్సు బయటికి వచ్చి, "ఆవిడకి తెలివి రావడానికి టైం పడుతుంది. ఈలోగా దీన్ని కింద ల్యాబ్‌లో ఇచ్చి రండి," అంది.

తెల్ల ప్లాస్టిక్ డబ్బా. మూతకు టేపు వేసి ఉంది. మీద మంచం నంబరు, వయసు, లోపల ఉన్నవాటి పేర్లు రాసి ఉన్నాయి. కూతురు దాన్ని రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని రెండంతస్తులు దిగింది.

ల్యాబ్‌లో అందుకున్న మనిషి రిజిస్టర్లో సమయం వేశాడు. ఒంటిగంట ఐదు. తెచ్చినవారు అన్నచోట 'కూతురు' అని రాశాడు.