నాలుగాకుల నమూనా

మణిదీప్ వానలో తడుస్తూ రైతు సేవా కేంద్రంలోకి వచ్చి, జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు.

"చూసి జవాబు చెప్పండి, గీతిక గారూ."

గీతిక అక్కడ వ్యవసాయ సహాయకురాలు. చేలో తెలియని మొక్క కనబడితే రైతులు ఇలాగే పొట్లం కట్టి తెస్తారు. ఆమె పేరు చెప్పి మందు రాసిస్తుంది. కానీ మణిదీప్‌కి రొయ్యల చెరువులు తప్ప సెంటు వరిచేను లేదు. వారంలో నాలుగుసార్లు ఎందుకొస్తాడో ఆమెకి అర్థమయ్యేది కాదు. అర్థం చేసుకుందామంటే టైమూ లేదు. సోమవారం కాకినాడలో చేరాలి, ట్రాన్స్‌ఫర్.

పొట్లం కొంచెం తెరిచింది. నాలుగాకుల కలుపు. చీటీ మీద మందు రాసిచ్చింది.

అతని మొహం వాడిపోయింది. "ఇదేనా మీ జవాబు?"

"ఎకరానికి సరిపోతుందండీ. ఇంకేం రాయను?"

"ఏం వద్దులెండి." వెళ్ళిపోయాడు.

విత్తనాల కోసం కూర్చున్న శ్యామలాంబ పకపకా నవ్వింది. "పొద్దున్నుంచీ మా గట్టు మీద వంగి వెతుకుతున్నాడమ్మా. నాలుగాకులది దొరికితే అదృష్టమంట! చేనంతా అవేగా అనబోయి, పాపం, ఊరుకున్నాను."

గీతిక పొట్లం పూర్తిగా విప్పింది. లోపలి మడతలో రాత.

'క్లోవర్ అంటే మూడాకుల మొక్క. నాలుగాకులది ఎక్కడో ఒకటి. క్లోవర్ అన్న మాట ఎలా పుట్టిందో గట్టిగా ఎవరికీ తెలీదట. జిగురుగా అంటుకునేదని అర్థం అయ్యుండొచ్చంటారు. మీ మీద నా ఇష్టమూ అంతే. ఎప్పుడు మొదలైందో తెలీదు, వదలడం లేదు. కాకినాడ వెళ్ళేలోపు ఒక్క మాట చెప్పండి.'

దానికి తను కలుపు మందు రాసిచ్చింది!

గొడుగు కూడా తీసుకోకుండా పరుగెత్తింది. అతను బండి స్టార్ట్ చేస్తున్నాడు.

"ఆ చీటీ ఇటివ్వండి! ఇందాక నేను లోపలిది చదవలేదు. అయినా ఇది క్లోవర్ కాదండీ. మన చేలల్లో మొలిచే ఈ మొక్క ప్రతిదానికీ నాలుగాకులే."

"అంటే... అదృష్టం కాదా?"

"కలుపు. ఎంత పీకినా మళ్ళీ వస్తుంది."

"నాలాగన్నమాట."

ఆమె నవ్వు ఆపుకుని, మందు పేరు కొట్టేసి, చీటీ వెనక ఒక నెంబరు రాసింది.

"ఇది మీదా?"

"మా నాన్నగారిది. మీ పెద్దవాళ్ళతో ఫోన్ చేయించండి. ఈ ఆకు సంగతి మాత్రం ఎత్తకండి. మా చేలో ఇది పీకడానికి కూలీలు దొరక్క ఆయన మండిపోతున్నారు."