రెమీ పీపా తెరిచిన రోజు

"బ్లాందీన్! ఒసేయ్ బ్లాందీన్! లియోన్ మదాం వచ్చేసింది, గ్లాసులు పట్రా!"

వంటింట్లో అక్రోట్లు పగలగొడుతున్న బ్లాందీన్ సుత్తి పక్కన పెట్టి కిటికీలోంచి చూసింది. వాకిట్లో మంచు పడుతోంది, ఆకాశంలో ఎవరో దిండు చింపి దూది వదులుతున్నట్టు. నాలుగింటికే జురా కొండల మీద వెలుగు సన్నగిల్లిపోయింది. నాన్న ఇపోలిత్ గొంతులో ఇవాళ చాన్నాళ్లకి హుషారు వినబడింది. అది వింటుంటే ఆమె గుండెలో రాయి పడింది.

ఇవాళ రెమీ పీపా తెరుస్తారు.

రెమీ ఆమె అన్న. ఆ పీపా అతను తన చేతులతో నింపింది. పసుపు వైన్ పద్ధతే అంత. నింపాక ఆరేళ్ల మూడు నెలలు కదపకూడదు, తగ్గినా మళ్లీ పోయకూడదు. పైన తెల్లటి పొర కప్పుకుని అది తనలో తను నిద్రపోతుంది.

ఆ పీపా నింపిన మర్నాడే రెమీ ఎర్ర వైన్ తొట్టిలో పిప్పి ఎత్తడానికి దిగాడు. పులిసే ద్రాక్ష వదిలే గాలి కంటికి కనబడదు. అడుగున మడుగు కట్టి, మనిషిని చప్పుడు లేకుండా తీసుకుపోతుంది. అందుకే ముందు తాడుతో కొవ్వొత్తిని దించి చూస్తారు. వెలిగితే దిగొచ్చు, ఆరితే దిగకూడదు. ఆ రోజు కొవ్వొత్తి దించే పని బ్లాందీన్‌ది. "వెలుగుతోందా?" అని నిచ్చెన మీంచి అడిగాడు అన్న. "వెలుగుతోంది, దిగు!" అంది తను. దిగినవాడు మళ్లీ పైకి ఎక్కలేదు.

"కొవ్వొత్తే మోసం చేసింది," అన్నారు ఊళ్లో. నాన్న మాత్రం నేరమంతా తన నెత్తిన వేసుకున్నాడు. "ఆ పొద్దున తొందరపెట్టింది నేనేగా. చేజేతులా చంపుకున్నాను," అని సూప్ గిన్నె ముందు కూర్చున్నప్పుడల్లా అదే మాట. ఆ తొట్టి ఉన్న నేలమాళిగలోకి ఆరేళ్లుగా అడుగు పెట్టలేదు. వాడి పీపా తెరిచిన రోజే దిగుతానన్నాడు.

బ్లాందీన్ గొంతులో ఒక మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. అది బయటికి తీస్తే నాన్న గుండె తేలికపడుతుంది. కానీ ఆ తర్వాత నాన్న తన మొహం చూస్తాడా?

"ఏమ్మాయ్, చిక్కిపోయావేంటి? మీ నాన్న తిండి పెట్టట్లేదా, పాలన్నీ జున్నుగడ్డలు చేసి అమ్మేస్తున్నాడా?" లియోన్‌లో హోటల్ నడిపే మదాం సెలెస్త్ బూట్లకంటిన మంచు దులుపుకుంటూ నవ్వింది. ఏటా జనవరిలో వచ్చి, పీపా పీపా రుచి చూసి కొనుక్కుపోయే మనిషి.

"మీ తిండి ముందు మా తిండి ఎంతలే!" అన్నాడు ఇపోలిత్. అంతలోనే గొంతు తగ్గించాడు. "మీరు ముందు మిగతావి చూడండి. వాడి పీపా దగ్గరికి వచ్చాక నన్ను పిలువు బ్లాందీన్. వస్తాను."

రాతి మెట్లు పందొమ్మిది. కింద ఒకటే బల్బు, చుట్టూ సాలెగూళ్లు. తడి రాయి వాసన, పాత చెక్క వాసన, వాటి వెనకాల అక్రోట్ల వాసన. గాజు గొట్టంతో ఒక్కో పీపాలోంచి తీసి బ్లాందీన్ గ్లాసుల్లో వదులుతోంది. మదాం పుక్కిలించి, కళ్లు మూసుకుని, ఇసుక తొట్టెలో ఉమ్ముతోంది.

"బల్బు వెలుతుర్లో రంగేం తెలుస్తుందే? ఒక కొవ్వొత్తి వెలిగించు."

"కొవ్వొత్తి... మేం వాడట్లేదు మదాం."

"నా సంచిలో ఉందిలే. నేనెక్కడుంటే నా సంచీ అక్కడే!"

వేలెడంత తెల్లటి ముక్క. బ్లాందీన్ దాన్నందుకుని వెలిగించింది. గ్లాసు వెనక మంట పెట్టేసరికి వైన్ ఎండాకాలం సాయంత్రంలా మెరిసింది. ఒక్క క్షణం ఆమె అన్నీ మరిచిపోయింది.

చివర్న రెమీ పీపా. దాని పక్కనే ఆ తొట్టి. ఆరేళ్లుగా ఖాళీ.

కొవ్వొత్తిని పీపా కాళ్ల దగ్గర నేల మీద పెట్టింది. ఆరిపోయింది.

మళ్లీ వెలిగించి పెట్టింది. మళ్లీ ఆరిపోయింది. గాలి లేదు. సాలెగూడు కూడా కదలట్లేదు. మంటని మోకాలి ఎత్తున పట్టుకుంది. కాసేపు నిలిచింది... ఎవరో రెండు వేళ్లతో నలిపినట్టు చచ్చిపోయింది. ఈసారి నడుము ఎత్తున పట్టుకుంది, అక్కడా ఆరింది.

ఏదో పైకి వస్తోంది. నీళ్లలా, నెమ్మదిగా...

అప్పుడు తగిలింది వాసన. కొత్త ద్రాక్ష వాసన. పొంగుతున్న పిప్పి వాసన. జనవరి మంచులో అక్టోబరు వాసన.

"అమ్మాయ్," మదాం గొంతు గుసగుసగా వచ్చింది, "దిగు అంటావేంటి? ఇంకా ఎక్కడికి దిగను?"

"నేనేం అనలేదు మదాం."

"అన్నావే! వెలుగుతోంది, దిగు అన్నావు." ఆవిడ పీపాకి చేరగిలబడింది. "తల... తల తిరుగుతోందే..."

కొవ్వొత్తి ముక్క ఎక్కడో పడిపోయింది. బ్లాందీన్ ఆవిడ నడుం పట్టుకుని మెట్ల దాకా లాక్కొచ్చింది. ఒకటి... రెండు... ఐదు... బల్బు ఆరిపోయింది. ఎనిమిది... పై తలుపులోంచి మంచు వెలుగు పడుతోంది. ఆవిడని ముందుకి తోసింది. ఆవిడ పాకుతూ మిగతా మెట్లెక్కి వాకిట్లోకి పోయి, మంచులో కూలబడి బారుగా ఊపిరి పీల్చింది.

అప్పటికే తలుపులో నాన్న నిలబడి ఉన్నాడు, ఆవిడకేసి చూడకుండా. ఆదివారం కోటు వేసుకున్నాడు. మెట్టు దిగాడు.

"రాకు నాన్నా!"

"అదేంటే? పిలిచి రావద్దంటావు?"

"నేను పిలవలేదు."

"చెవుడొచ్చిందనుకున్నావా? ఇప్పుడేగా పిలిచావు." ఇంకో మెట్టు దిగాడు. "వెలుగుతోంది, దిగు అన్నావు. నీ గొంతు నాకు తెలీదా?"

"నాన్నా, దండం పెడతాను..."

అప్పుడు మళ్లీ వినిపించింది. బ్లాందీన్ వీపు వెనకనుంచి. కింద చీకట్లోంచి. ఆమె గొంతే. ఆరేళ్ల కిందటి, ఇరవై రెండేళ్ల గొంతు. నవ్వుతూ, తొందరగా, మనసెక్కడో పెట్టుకుని అన్న మాట.

"వెలుగుతోంది, దిగు!"

తన పెదాలు మూసే ఉన్నాయి. నాన్న వాటికేసే చూస్తున్నాడు.

"ఎవరే కింద?"

ఆయన గోడ పట్టుకుని ఆమెని దాటబోయాడు. "రెమీ ఉన్నాడా కింద? తప్పుకోవే. ఈసారి నేను దిగుతాను."

రెండు చేతులతో కోటు పట్టుకుంది. ఆయన గుంజుకున్నాడు. గుండీ తెగి మెట్ల మీద టకటకా దొర్లుకుంటూ పోయింది. అడుగున దాని చప్పుడు వినబడలేదు. ఎవరో చేత్తో పట్టుకున్నట్టు ఆగిపోయింది.

"వెలగట్లేదు నాన్నా!" అని అరిచింది. "దిగకు. వెలగట్లేదు. ఆ రోజూ వెలగలేదు!"

ఆయన ఆగాడు.

"ఏమన్నావు?"

కింద ఒక వెలుగు లేచింది. తొట్టి అంచున, చిన్నగా, రెపరెపలు లేకుండా. బ్లాందీన్ వెనక్కి తిరిగి చూసింది. మదాం తెచ్చిన ముక్క కాదది. జానెడు మైనం కొవ్వొత్తి. పసుపు పచ్చనిది. ఇప్పుడే మొదటిసారి వెలిగించినట్టు ఒక్క చుక్క కూడా కారలేదు.

ఆమె దాన్ని గుర్తుపట్టింది.

"చెప్పు బ్లాందీన్," అన్నాడు నాన్న. గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది.

"కోతకొచ్చిన కుర్రాడు వెళ్లిపోతూ మెట్ల పైన తలుపు దగ్గర చెయ్యి ఊపుతున్నాడు. నేను అటే చూస్తున్నాను. అన్న అడిగితే... తొట్టికేసి తిరగకుండానే చెప్పాను. నువ్వు చంపలేదు నాన్నా. కొవ్వొత్తి మోసం చెయ్యలేదు. నేను దాన్ని దించలేదు, వెలిగించనైనా లేదు. అది నా జేబులోనే ఉంది." వెలుగు మెట్ల వైపు కదిలింది. "అదే కొవ్వొత్తిని... ఎవరూ చూడకుండా... అన్న శవపెట్టెలో పెట్టేశాను."