గడ్డం మీద మూడు చుక్కలు

మధ్యాహ్నం అన్నం తింటుండగానే వీధిలో మైకు మోగింది. గోదావరి పెరుగుతోంది, ఒడ్డు పక్క వాళ్లంతా ఇళ్లు ఖాళీ చేయాలట.

భద్రాచలంలో ఆ వీధి వాళ్లకు ఇది కొత్తేం కాదు. ఎవరి పని వాళ్లకు తెలుసు. జంపయ్య బియ్యం బస్తాను అటక ఎక్కించాడు. సువర్ణ బట్టలు మూట కట్టింది. వాళ్ల కూతురు వనజ ఆరో తరగతి. ఆమెకు ఒక్కటే పని చెప్పారు.

"నాయనమ్మ ఫోటో దించి సంచిల పెట్టు బిడ్డా," అంది సువర్ణ. "అది మరిచినవంటే ఆమెకు ముద్ద దిగదు."

అది పాత నలుపు తెలుపు ఫోటో. వనజ నాయనమ్మ కొండమ్మ చిన్నప్పుడు పర్ణశాల తిరునాళ్లలో, ఒక ఫోటోల గుడారంలో దిగినది. అందులో పదేళ్ల కొండమ్మ, ఆమె భుజం మీద చెయ్యేసి అక్క జోగమ్మ. ఆ మరుసటి ఏడే జోగమ్మ జ్వరంతో పోయింది. అక్క ముఖం కొండమ్మకు మిగిలింది ఆ ఒక్క కాగితం మీదే.

వనజ కుర్చీ ఎక్కింది. ఫ్రేము తీగను మేకుకు గట్టిగా చుట్టి ఉంచారు. ఎంత లాగినా రాలేదు. బయట ట్రాక్టర్ డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు. అప్పుడు వనజకు ఒక ఉపాయం తట్టింది. అమ్మ ఫోన్ తెచ్చి, ఫ్రేముకు ఎదురుగా పెట్టి టక్కున నొక్కింది. ఇంత తెలివి ఇంట్లో ఇంకెవరికీ లేదని మురిసిపోయింది కూడా.

ట్రాక్టర్లో కూర్చున్నాక తీరిగ్గా చూసుకుంది. తెర మీద బొమ్మ మిలమిలలాడుతోంది. కాకపోతే పాత ఫోటో కదా, నిండా మచ్చలు. ఫోన్లో మచ్చలు తుడిచే గుర్తు ఉంటే దాన్ని నొక్కింది. అంతా శుభ్రమైపోయింది. అలాగే సేవ్ చేసేసింది.

వరద బాధితులను ఒక బడిలో ఉంచారు. సాయంత్రం చాప మీద కూర్చుని కొండమ్మ చెయ్యి చాపింది.

"ఏదీ, మా అక్కను ఇటియ్యి."

"ఇగో నాయనమ్మా, ఫోన్ల ఉంది. దీంట్లయితే తడవదు, పగలదు. ఎంత మంచిగ కనపడుతుందో చూడు."

కొండమ్మ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. అలవాటు కొద్దీ అక్క చెంప మీద వేలు పెట్టింది. బొమ్మ పక్కకు జారిపోయి, నాలుక బయటపెట్టిన వనజ సెల్ఫీ వచ్చింది. వనజ మళ్లీ వెనక్కి జరిపింది. ఈసారి రెండు వేళ్లు తగిలి, జోగమ్మ ముక్కు ఒక్కటే తెరంతా నిండింది. దాన్ని సరిచేసి ఇచ్చేసరికి తెర నల్లబడింది.

"పోయింది," అంది కొండమ్మ.

"పోలేదు నాయనమ్మా, ఇగో."

కొండమ్మ ఈసారి ముట్టుకోలేదు. చాలాసేపు చూసింది.

"ఈ పిల్ల మా అక్క లెక్కనే ఉంది గని, మా అక్క కాదు. మా అక్కకు గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు ఉండాలె. ఏదీ?"

వనజ తెర మీదికి వంగి చూసింది. ఫోన్ మచ్చలతో పాటు పచ్చబొట్టును కూడా తుడిచేసింది. ఎంత వెతికినా ముందు తీసినది దొరకలేదు.

కొండమ్మ కోప్పడలేదు. ఫోన్‌ను మనవరాలి చేతిలో పెట్టింది. "మంచిగనే ఉంది బిడ్డా. నువ్వే పెట్టుకో," అని అటు తిరిగి పడుకుంది.

నాలుగు తిట్టినా బాగుండేది. వనజ అమ్మ కొంగులో తల దూర్చి, ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది.

"నీళ్లు తగ్గంగనే పోయి చూద్దాం. ఊకో," అంది సువర్ణ. ఆమె గొంతులోనూ ధైర్యం అంతంత మాత్రమే.

నీళ్లు తగ్గాక ఇంటికి వెళ్లి చూస్తే గదంతా బురద. ఫోటో గోడ మీదే ఉంది. వరద గీత ఫ్రేము నడుం దాకా వచ్చి ఆగింది. జంపయ్య తీగ కత్తిరించి ఫ్రేమును దించాడు. తడిసిన కాగితం అద్దానికి అతుక్కుపోయి ఉంది. ఆయన దాన్ని లాగబోయాడు.

"వద్దు నాయినా, చినిగిపోతది," అని వనజ అడ్డం పడింది.

ఫ్రేమును పిల్లికూనను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పెట్టుకుంది. బురదలో అడుగు చూసుకుని అడుగు వేస్తూ, నాయిన వెంట ఫోటో స్టూడియో దాకా మోసుకెళ్లింది. స్టూడియో రాంబాబు ఆ కాగితాన్ని అద్దంతో సహా పెద్ద ట్రేలో మంచినీళ్లలో ఉంచాడు. వనజ ఆ ట్రే పక్క నుంచి కదల్లేదు. చాలాసేపటికి ఒక అంచు లేచింది. తర్వాత మెల్లమెల్లగా మొత్తం విడివడింది. కింద పాదాలు పోయాయి, గుడారం తెర మీది పువ్వులు పోయాయి. ముఖాలు మాత్రం మిగిలాయి. గడ్డం మీద మూడు చుక్కలూ ఉన్నాయి.

"ఆరినంక కంప్యూటర్ల ఎక్కిస్త," అన్నాడు రాంబాబు. "మచ్చలన్నీ తీసేసి, రంగులేసి, నిన్న దిగినట్టు చేసి ఫోన్లకు పంపిస్త."

"వద్దు అంకుల్," అంది వనజ. "ఒక్క మచ్చ గూడ తియ్యకుండ్రి. ఉన్నది ఉన్నట్టు ఇంకో కాయితం మీద కొట్టియ్యుండ్రి. ఇది నాయనమ్మకు, అది నాకు."

మర్నాడు ఆరిన ఫోటోను తెచ్చి నాయనమ్మ ఒళ్లో పెట్టింది.

"నేనే గోడకు వదిలేసి వచ్చిన నాయనమ్మా. చుక్కలు గూడ నేనే చెరిపిన."

కొండమ్మ విన్నదో లేదో. కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి, అక్క గడ్డం మీద వేలు ఆనించింది. బొమ్మ ఎటూ జారిపోలేదు.

వనజ పక్కనే చతికిలబడింది. ఇన్నేళ్లుగా ఆ ఫోటోను చూస్తూనే ఉంది గానీ, దాని గురించి ఒక్క మాట అడిగింది లేదు.

"పచ్చబొట్టు పొడిచేటప్పుడు పెద్ద నాయనమ్మ ఏడ్చిందా?"

"అది ఏడ్వలే," అంది కొండమ్మ. "దాని చెయ్యి పట్టుకొని నేనేడ్చిన."