లైన్‌లో ఉన్న చెప్పులు

దశరథం చనిపోయి రెండు రోజులైంది. ఆయన చెప్పులు మాత్రం ఇంకా యూరియా లైన్‌లోనే ఉన్నాయి.

పెగడపల్లి ఎరువుల గోదాం ముందు చెప్పుల బారు రోడ్డు దాకా సాగింది. మనుషులు ఎదురుగా ఉన్న రేకుల షెడ్డు కింద కూర్చున్నారు. చెప్పులు పెట్టినవాడు లైన్‌లో ఉన్నట్టే లెక్క. లైన్ కదిలినప్పుడల్లా వెనకవాళ్లెవరో ముందు జతను కాలితో జరుపుతారు. దశరథం నీలం హవాయి చెప్పుల్నీ అలాగే జరుపుతున్నారు. ఎడమ చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకున్నాడు. చనిపోయినవాడి చెప్పులని అందరికీ తెలుసు. తీసి పక్కన పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

జలపతి వాటిని ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

దశరథం కాలువ గట్టు మీద చెప్పులు విప్పి నీళ్లలో దూకాడని పోలీసులు కేసు రాసుకున్నారు. గట్టు మీద దొరికిన జతను జలపతి తన కళ్లతో చూశాడు. కొత్తవి. గోధుమరంగు, అంచు చుట్టూ పసుపు దారం కుట్టు. కానీ దశరథానికి ఉన్నది ఒకటే జత. అది ఇక్కడుంది.

లైన్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ సంగతి తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు.

గోదాం మెట్ల దగ్గర బల్ల వేసుకుని కొత్త వ్యవసాయ విస్తరణాధికారి మానస టోకెన్లు రాస్తోంది. ఆమె రాసేవి నిజమైన టోకెన్లే, అసలు ఉద్యోగం మాత్రం నిఘా విభాగంలో. జలపతి పాస్‌బుక్ ముందుకు తోశాడు.

"నానో యూరియా బాటిల్ తీసుకుంటారా?" తల ఎత్తకుండా అడిగింది మానస.

"మా భూమికి బస్తా మందే పడ్తది మేడం."

కోడ్ సరిపోయింది. ఆమె పెన్ను ఆగలేదు. గొంతు మాత్రం తగ్గింది.

"సరిహద్దు అవతలి ముఠా ఇక్కడ సిమ్ బాక్స్ పెట్టింది. వాళ్లు అక్కడి నుంచి మాట్లాడితే ఇక్కడ లోకల్ నంబర్ పడుతుంది. ఈ రోజు ఒక సైనిక కాన్వాయ్ కదులుతోంది. రాత్రి ఎక్కడ ఆగేదీ జవాన్లు ఇంటికి చెప్పకూడదు. కానీ అమ్మలకు చెప్తారు. సాయంత్రం ఐదింటికి ఆ అమ్మలకు ఫోన్లు వెళ్తాయి. ఆఫీసర్ గొంతుతో."

"ఎన్ని ఇండ్లు?"

"నలభై దాకా."

జలపతి కొడుకు అభిలాష్ ఉత్తరాన, సరిహద్దు దగ్గరే ఉన్నాడు. రోజూ నాలుగున్నరకు తల్లికి ఫోన్ చేస్తాడు.

"మావోడు గిండ్ల ఉన్నడా మేడం?"

"అది చెప్పే అధికారం నాకు లేదు. ఇంటికి కూడా చెప్పొద్దు. ఒక్క ఇల్లు అనుమానంగా మాట్లాడినా బాక్స్ మాయమవుతుంది. జాడ దొరక్కుండా మీ ఫోన్ ఇంట్లోనే పెట్టారుగా? కోరుట్లలో వందన అని వీసా కన్సల్టెన్సీ నడుపుతుంది. వాళ్ల మధ్య ఉన్న మన మనిషి. బాక్స్ ఎక్కడుందో తనే చెప్తుంది." టోకెన్ చింపి ఇచ్చింది. "మీకన్నా ముందు ఈ పని మీద ఉన్నది దశరథమే, చివరిసారి ఏదో దాచి ఉంటాడు. చూడండి."

జలపతి లైన్ దగ్గరికి వెళ్లి తన చెప్పులు విప్పి చివర పెట్టాడు. వెళ్తూ వెళ్తూ దశరథం జతను జరుపుతున్నట్టు వంగాడు. తెగిన పట్టీ కింద వేలు పెడితే మడిచిన చీటీ తగిలింది. ఎవరో చూస్తున్నట్టే అనిపించింది. ఎవరూ చూడలేదు. అలా అనిపించడం మాత్రం ఆగలేదు.

కోరుట్ల బస్సులో కిటికీ వైపు తిరిగి చీటీ విప్పాడు. రెండే మాటలు.

"ఆగని సాంచా."

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. సాంచా ఆగకుండా నడవదు. అటూ ఇటూ తిరిగే నాడెలో దారం కండె నాలుగైదు నిమిషాలకు అయిపోతుంది. ఆపి కొత్త కండె పెట్టాలి. జలపతి భార్య లత పుట్టిల్లు సిరిసిల్లే. రాఖీ కట్టి వచ్చిన రోజు ఆమె అన్న మాట ఇప్పుడు చెవిలో మోగింది. "మా తమ్ముని సాంచాలు పొద్దందాక నడుస్తనే ఉన్నయి, ఒక్కసారి ఆగలే. ఇంట్ల ఒక్క బట్ట మీద దూది పోగు లేదు. ఏం నేస్తున్నడో ఏమో!"

అప్పుడు జలపతి నవ్వి ఊరుకున్నాడు.

అంటే బాక్స్ అక్కడే ఉంది. బావమరిది సంపత్‌ను తన చేతుల్లో పెంచినంత పని చేసింది లత.

అయినవాళ్లకు ఎదురు నిలబడడం జలపతికి కొత్త కాదు. తొంభైల్లో ఊళ్లో పిల్లలు అడవి బాట పడుతుంటే ఇతను ఒక్కడే వెళ్లి ఆర్మీలో చేరాడు. తండ్రి ఆరేళ్లు మాట్లాడలేదు. సెలవుకు వస్తే బావి దగ్గర నలుగురూ లేచి వెళ్లిపోయేవాళ్లు. పదిహేడేళ్లు చేసి, వచ్చి, రెండెకరాల్లో వరి వేసుకున్నా ఊరు అతన్ని "సర్కారోడు" అనడం మానలేదు. ధైర్యవంతుడని అందరూ అనుకుంటారు. ఆ పదిహేడేళ్లలో భయపడని రోజు ఒక్కటీ లేదని లతకు మాత్రమే తెలుసు.

కోరుట్లలో వందన ఆఫీసు చల్లగా ఉంది. ఏసీ చలి. వంగపండు రంగు చీర, పొట్టి జుట్టు, తలుపు తీయకముందే వచ్చే అత్తరు వాసన. ఊళ్లలో ఈమె పేరు చెబితే దండం పెడతారు. ఖాళీ గదులకూ షెడ్లకూ ఆమె కంపెనీ నెలనెలా కిరాయి ఇస్తుంది.

"కూర్చోండి జలపతి గారూ. దశరథం గారి సంగతి విన్నాను. చాలా బాధేసింది." ఆమె కళ్లు కిందికి దిగి అతని పాదాల దగ్గర ఆగాయి. "అయ్యో, చెప్పుల్లేకుండా వచ్చారా?"

"లైన్ల పెట్టచ్చిన మేడం. యూరియా."

"అంటే?" ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ అడగనూ లేదు. లేచి లోపలికి వెళ్లి ఒక డబ్బా తెచ్చింది. "ఇవి వేసుకోండి. కాళ్లు కాలిపోతాయి."

గోధుమరంగు చెప్పులు. అంచు చుట్టూ పసుపు దారం కుట్టు.

జలపతికి అర్థమైంది. దశరథం కూడా చెప్పులు లైన్‌లో పెట్టి ఇదే కుర్చీలో కూర్చున్నాడు. ఈమె ఇచ్చిన జతే వేసుకుని వెళ్లాడు. ఆ జతే గట్టు మీద మిగిలింది.

"సరిపోయాయా?"

"మంచిగున్నయి మేడం."

"బాక్స్ జగిత్యాలలో ఉంది. మీరు ఇప్పుడే వెళ్లకండి, కనిపెడతారు. ఇక్కడే కోరుట్లలో తిరుగుతూ ఉండండి. ఆరింటికి కాలువ రోడ్డు దగ్గర మా కారు ఆగుతుంది, ఎక్కండి." నవ్వింది. అందమైన నవ్వు. "దశరథం గారు మీకేమైనా చెప్పారా?"

"ఏం చెప్పలే మేడం. ఆయనకు మాటలే తక్కువ."

ఆరింటికి. ఫోన్లు ఐదింటికి.

బయటికొచ్చి పది అడుగులు వేశాడు. ఎడమ చెప్పు తేలిక, కుడి చెప్పు బరువు. లోపల ట్రాకర్ ఉంది. చెప్పులు పారేస్తే నిమిషాల్లో తెలిసిపోతుంది. వేసుకుంటే సిరిసిల్ల దాకా చావును కాలికి కట్టుకుని నడిచినట్టే. మానసకు చెబుదామా? వందన దగ్గరికి పంపింది ఆ మానసే. ఎవర్ని నమ్మాలి?

మలుపు తిరిగితే కోరుట్ల గోదాం. దాని ముందు చెప్పుల బారు.

జలపతి వెళ్లి బారు చివర ఆ జతను పొందికగా పెట్టాడు. లైన్ జరిగినప్పుడల్లా ట్రాకరూ జరుగుతుంది. వెంటనే ఒక ముసలామె తన చెప్పులు వెనక పెట్టింది. రాజవ్వ అట, ఎవరో పిలిచారు.

"అవ్వా, జర చూసుకో. చాయ తాగస్త."

"పో, పో. నీ చెప్పుల్ని ఎవడెత్కపోతడు!"

సిరిసిల్ల బస్సులో కండక్టర్ ఫోన్ సీటు మీదే ఉంది. అడిగితే ఇస్తాడు. లతకు ఒక్క మాట చాలు, అభిలాష్ బతుకుతాడు. జలపతి చెయ్యి లేచింది. లత గట్టిగా ఉండలేదు, గొంతులో భయం దాచలేదు. అవతలివాడు పసిగడతాడు. తన కొడుకు ఒక్కడూ మిగిలి, మిగతా ఇళ్లు? చెయ్యి ఒళ్లో పెట్టుకుని వేములవాడ దాటేదాకా దాని మీద రెండో చెయ్యి నొక్కి ఉంచాడు.

నాలుగున్నర దాటాక సంపత్ వీధిలో దిగాడు. ఈ పాటికి అభిలాష్ ఫోన్ వచ్చి ఉంటుంది. వీధి నిండా షెడ్లు, సాంచాల మోత. ఒకటి ఆగుతుంది, నడుస్తుంది. ఇంకోటి ఆగుతుంది. జలపతి గోడకానుకుని విన్నాడు. పదిహేను నిమిషాలు. చివరి షెడ్డులో మోత ఒక్కసారి కూడా తెగలేదు.

వెనక తలుపు తోసి ఉత్త కాళ్లతో లోపలికి నడిచాడు. చప్పుడు కాలేదు. నాలుగు సాంచాలు ఊరికే కొట్టుకుంటున్నాయి, దారం లేదు, బట్ట లేదు. మూల ఇనుప జాలీ పెట్టె. తాళం. లోపల ఆకుపచ్చ లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. దాని ఫ్యాన్ల రొద సాంచాల మోతలో కలిసిపోతోంది. పక్కన ల్యాప్‌టాప్ ముందు సంపత్.

"బావా! నువ్వెట్లచ్చినవ్?" సంపత్ కుర్చీలోంచి పడబోయాడు.

జలపతి మెయిన్ స్విచ్ దించాడు. సాంచాలు ఆగాయి. పెట్టెలో లైట్లు ఆగలేదు. దానికి బ్యాటరీ ఉంది.

"తాళం చెవి ఏది?"

"నా దగ్గర లేదు. కంపెనోళ్ల కాడ ఉంటది. పో బావ, నీకు దండం పెడ్త. ఆర్డర్లు లేక ఆర్నెల్లాయె. కిరాయిస్తం, మోత ఆగకుండ చూడుమన్నరు, గంతే. నాకేం తెల్వదు."

"దశరథాన్ని గిందుకే చంపిన్రు."

"కాలువల దుంకిండన్నరు గద..." అన్నాడు సంపత్.

తెర మీద పేర్ల వరుస. తల్లి పేరు, ఊరు, నంబర్. మొదటి వరుస పచ్చగా మారి ఫోన్ మోగింది. సంపత్ తెర వైపు చూశాడు. ఆ నంబర్ అతనికి నోటికి వచ్చు. ల్యాప్‌టాప్‌లోంచి గొంతు వచ్చింది.

"హలో? ఎవరు?"

లత.

"నమస్తే అమ్మా. అభిలాష్ యూనిట్ నుంచి మాట్లాడుతున్నాం. అబ్బాయికి ఫోన్ కలవడం లేదు. కంగారు పడకండి. రాత్రి ఎక్కడ ఆగుతామని చెప్పాడు?"

"ఏమైంది సారు? ఇప్పుడే మాట్లాడిండు గద, మంచిగనే ఉన్నడు..."

"ఎక్కడన్నాడమ్మా? తొందరగా."

పడుగు దారం తెగకుండా నేల తడపడానికి ప్రతి షెడ్డులో నీళ్ల బకెట్ ఉంటుంది. జలపతి దాన్ని ఎత్తాడు. సంపత్ లేచి బకెట్ పట్టుకున్నాడు. ఇద్దరి మధ్య నీళ్లు తొణికాయి.

"ఇడువు సంపత్!"

"నీ కాళ్లకు చెప్పుల్లేవు బావ. కరెంటు కొడ్తది. జరుగు."

సంపత్ బకెట్ లాక్కుని జాలీ మీద కుమ్మరించాడు.

"గా ఊరి పేరు సారు, ఏందంటే..." అంటోంది లత.

చటచటమని నిప్పురవ్వలు లేచాయి. ఆకుపచ్చ లైట్లన్నీ ఒక్కసారి ఎర్రబడి ఆరిపోయాయి. తర్వాత వినిపించింది జాలీ నుంచి నీళ్లు కారుతున్న చప్పుడే.

జలపతి సంపత్ ఫోన్ తీసుకుని ఇంటికి కలిపాడు.

"ఎవరో సారు చేసిండు, కట్టయింది. మల్ల చేస్తడేమో," అంది లత.

"ఎత్తకు."

"నువ్వేడున్నవ్?"

"మీ తమ్ముని కాడ."

"వానికి ఫోనియ్యి," అంది లత.

రెండు రోజుల తర్వాత మానస మళ్లీ అదే బల్ల దగ్గర, అదే తగ్గు గొంతుతో మిగతా కథ చెప్పింది. వందన ఇచ్చిన చెప్పులు నాలుగు గంటలు గడిచినా కోరుట్ల గోదాం దాటకపోయేసరికి వందన మనుషులు ఇద్దరు వెతుక్కుంటూ వచ్చారు. మనిషి లేడు, చెప్పులున్నాయి. ఎత్తుకోబోయారు. "లైన్ల దూరుతున్నవా బద్మాష్!" అని రాజవ్వ ఒకడి కాలర్ పట్టుకుంది. పోలీసులు వచ్చేసరికి లైన్‌లోని వాళ్లు ఇద్దర్నీ యూరియా బస్తాల తాడుతో కట్టి కూర్చోబెట్టారు. వందన ఆఫీసులో పసుపు కుట్టు చెప్పులు ఇంకా పదకొండు జతలు దొరికాయి. వేర్వేరు సైజులు.

"ఆవిణ్ణి నమ్మడం నా తప్పు," అంది మానస. "సంపత్ సాక్షిగా మారతానన్నాడు. అయినా కొన్నాళ్లు లోపల ఉండక తప్పదు."

జలపతి తల ఊపాడు. లత అన్నం పెడుతోంది. మాట్లాడటం లేదు. కంపెనీ కిరాయిలు ఆగిపోయిన ఇళ్లవాళ్లు అతను కనిపిస్తే ముఖం తిప్పుకుంటున్నారు. షెడ్డు కింద అతను కూర్చున్న బల్ల ఖాళీ అయింది.

చెప్పులు విసిరేసి ఉంటారనుకుంటూ లైన్ వైపు నడిచాడు. అతని జత ముందు నుంచి మూడోది. దానికి ముందు నీలం హవాయి చెప్పులు, పిన్నీసుతో సహా.

"ఎవరు జరిపిన్రు?"

లైన్‌లో అతని వెనక జత పెట్టిన అంజవ్వ, మాట్లాడే ఉద్దేశం లేకున్నా, పక్కకు తిరిగి అంది. "నీ సంగతి వేరు, నీ చెప్పుల సంగతి వేరు. లైన్ లైనే."

అంతలో గోదాం షట్టర్ గరగరమని కిందికి దిగింది. స్టాక్ అయిపోయింది.

మానస కాగితాలు సర్దుకుంటూ దగ్గరికి వచ్చింది. "పైవాళ్లు మీకు ఏం కావాలో అడగమన్నారు. మొహమాటపడకండి. దేశం తరఫున అడుగుతున్నాను."

"రెండు బస్తాల యూరియా మేడం."

మానస షట్టర్ వైపు చూసింది. "అది మాత్రం నా చేతిలో లేదు, జలపతి గారూ."